అక్క పాట కింద రాసిన మాటలు

అక్క పోయిందన్న వార్త నాకు వాళ్లింటి నుంచి రాలేదు. మా బ్యాండ్ అభిమానుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఉప్పల్ మెట్రో ప్లాట్‌ఫాం మీద నిలబడి ఫోన్ తీస్తే, స్టేజీ మీద మైకు పట్టుకుని నవ్వుతున్న ఆమె పాత ఫొటో కనిపించింది. చుట్టూ పూలదండ బొమ్మ, కింద "మన బ్యాండ్ గొంతు మూగబోయింది, మిస్ యూ అక్కా" అన్న మాటలు. పెట్టినవాడి పేరు చూసేసరికి ఒళ్లు మండింది. రెండేళ్ల కిందట అక్క సొంతంగా పాట విడుదల చేసిన రోజు, ఆ పాట కింద "బ్యాండ్ లేకుంటే నువ్వు జీరో, ఇంట్ల కూసో" అని రాసిన మనిషి అతనే.

ఎక్కాల్సిన రైలు వదిలేసి ఫోన్ చేశాను. ఆమె భర్త ఎత్తాడు. "డ్యూటీకి తయారైతుంటెనే కూలవడ్డది బామ్మర్ది. దవాఖానాకు తీస్కపోయేలోపే అయిపోయింది" అన్నాడు. తర్వాత "నాలుగింటికి సమాధి చేస్తం, నువ్వు రా" అని పెట్టేశాడు.

ఆమె నాకు తోడబుట్టిన అక్క కాదు. నాచారంలో ఒకే ఇంట్లో వాళ్లు పై వాటాలో, మేం కింది వాటాలో ఉండేవాళ్లం. ఆమెకు పగలు మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని, సాయంత్రాలూ సెలవు రోజులూ బ్యాండులో పాట. చర్చిలో సాధన చేసిన గొంతుతో పెళ్లిళ్లకు పాడింది, బోనాలకు పాడింది, వినాయక మంటపాల్లో పాడింది. పదిహేనేళ్లు. నేనప్పుడు నీళ్ల క్యాన్ల ఆటో నడిపేవాణ్ని. ఒకనాడు ఖాళీ క్యాన్ మీద దరువేసుకుంటుంటే ఆమె పైనుంచి తొంగిచూసి, "చేతులు మంచిగున్నయ్ తమ్మీ. గా క్యాన్ మీదెందుకు, డోలక్ మీద వెయ్" అంది. ఆ వారమే నన్ను బ్యాండ్ లీడర్ దగ్గరికి తీసుకెళ్లింది. నా బతుకు మారింది అక్కడే.

కొంగు ముడిలో ఎప్పుడూ నాలుగు లవంగాలుండేవి. ఎంత ఎండాకాలమైనా చల్లనీళ్లు ముట్టేది కాదు. కార్యక్రమం మొదలయ్యే ముందు స్టేజీ దిగి, కుర్చీల మధ్య నడుచుకుంటూ చిట్టచివరి వరుసదాకా వెళ్లేది. అక్కడ ముసలమ్మలు కూర్చునేవాళ్లు. వాళ్ల పక్కన నిలబడి సౌండ్ మనిషికి కేకేసేది: "జర డ్రమ్ము తగ్గియ్యన్నా! ఈడికి మాట వస్తలేదు." మేం విసుక్కునేవాళ్లం. "మాట వినవడకుంటే అది పాటెట్లయితది తమ్మీ? లొల్లి అయితది" అనేది. ముందు వరుసలో ఎగిరే కుర్రాళ్లకు ఈ సంగతి తెలియదు. తమ అక్క తమ కోసమే పాడుతోందనుకున్నారు.

ఆమె బ్యాండును వదిలి ఎందుకు వెళ్లిందో ఇప్పుడు రాస్తాను. ఇంతకాలం రాయనందుకు నన్నూ తిట్టండి.

నారపల్లిలో ఒక ఫంక్షన్ హాలు, పెళ్లి రిసెప్షన్. స్టేజీ వెనక నేను డోలక్ తాళ్లు బిగిస్తున్నాను. లీడర్ వచ్చి, "అక్కా, ఇప్పటి సంది అంత ట్రాక్ మీదనే. ఓ చిన్నపిల్లతోని పాడిపిచ్చి రికార్డు చేసిపెట్టిన. నువ్వు పెదవులు కదుపుకుంట నవ్వుకుంట నిలవడు, సాలు" అన్నాడు.

అక్క పరాచికమనుకుని నవ్వింది. అతను నవ్వకపోయేసరికి ఆపేసింది.

"పాడింది ఆ పిల్ల అయితే, ఆ పిల్లనే నిలవెట్టన్నా. దాని కష్టానికి నేనెందుకు చప్పట్లు తీసుకోవాలె?"

"జనం నీ మొఖం గుర్తువడ్తరు. ఆ పిల్లనెవ్వరు సూస్తరు?"

"అయితే నా మొఖం తోని పనున్నది గని నా గొంతు తోని లేదన్నట్టు" అంది అక్క. మైకు బల్ల మీద పెట్టి, బయటికి వెళ్లి ఆటో ఎక్కింది. గొడవ చేయలేదు, బయట ఎవరికీ చెప్పుకోలేదు. వారం తిరక్కుండా బ్యాండ్ పేజీలో లీడర్ రాశాడు: సొంత పేరు కోసం, తనను పెంచిన చేతినే కాదని వెళ్లిపోయిందట. వందల మంది ఏడుపు బొమ్మలు పెట్టారు. మూడడుగుల దూరంలో ఉండి అంతా విన్న నేను నోరు విప్పలేదు.

ఏడాది తర్వాత అక్క ఒక పాట రాసుకుంది. తెల్లవారుజామున కంపెనీ బస్సు కోసం నిలబడే ఆడవాళ్ల పాట. హార్మోనియం, డోలక్, ఆమె గొంతు, అంతే. కిందికొచ్చి "వాయిస్తవా తమ్మీ?" అని అడిగింది.

"వాయిస్త గని అక్కా, నా పేరు వెయ్యకు. అన్నకు తెలిస్తే నన్ను తీసేస్తడు" అన్నాను.

ఆమె నా ముఖంకేసి ఒక్క క్షణం చూసింది. "సరే. పేరుతోని పనేంది, చెయ్యి నీదే కద" అంది. ఆ చూపులో కోపముంటే నాకు సులువుగా ఉండేది. కోపం లేదు.

విడుదల చేసింది ఒక ఆదివారం. చర్చి నుంచి రాగానే పై వాటాలో కూర్చున్నాం. వాళ్ల బిడ్డ ఫోన్లో పాట ఎక్కించింది. పాట నిడివి ఐదున్నర నిమిషాలు. మొదటి కామెంట్ నిమిషం కూడా కాకముందే వచ్చింది: "పాత పాటలు పాడు, ఇదేంది?" తర్వాత వరసగా వచ్చాయి. "మ్యూజిక్ లేదా, పైసల్లేవా?" "గొంతు ముసలిదైంది." "అన్నకు ఎన్నుపోటు పొడిచినోళ్ల పాట మేం వినం." "వినం" అని రాయడానికి మాత్రం తీరిక దొరికింది! ఒకరు లీడర్ ఫొటో పెట్టి దండాలు పెట్టారు. ఒకరు ఆమె చీరను వెక్కిరించారు. పాటలోని ఒక్క మాట గురించి ఒక్కరైనా రాయలేదు.

బిడ్డ మొహం ఎర్రబడింది. "అమ్మా, నేను రాస్త. హాల్ల ఏం జరిగిందో మొత్తం రాస్త."

"ఒద్దు బిడ్డా. విని తిట్టినోనికి జవాబు చెప్పొచ్చు. వినకుంటనే తిట్టినోనికి ఏం చెప్తం?" అంది అక్క, నా గ్లాసులో ఇంకాస్త చాయ్ పోస్తూ. నేను ఆ చాయ్ తాగాను. ఆ రోజు నేను చేసింది అంతే.

వాళ్ల కామెంట్లు ఆమెను చంపాయని నేననను, అదీ ఒక అబద్ధమే అవుతుంది. ఆ తర్వాత కూడా ఆమె పనికి పోయింది, చర్చిలో పాడింది, వంట చేస్తూ పాడింది. కానీ ఇంకో పాట రికార్డు చేయలేదు. నేను అడిగితే, "సూద్దాం తీ" అనేది. నా కోపమంతా అక్కడే ఉంది. "మా అక్క, మా అక్క" అన్నారే, ఆ "మా" అన్న మాటతో ఆమెను ఏం చేశారు? మీ పెళ్లి బరాత్‌లో మీరు ఎగిరినప్పటి పాటే ఆమె చచ్చేదాకా పాడాలి. తన మాట ఒక్కటి తను పాడుకుంటే ద్రోహం. పదిహేనేళ్లు ఆమె మీ పెళ్లిళ్లకు పాడింది. మీరు ఆమెకు ఐదున్నర నిమిషాలు ఇవ్వలేకపోయారు.

సమాధి అయిన తర్వాతి ఆదివారం ఉప్పల్‌లో లీడర్ సంతాప సభ పెట్టాడు. పెద్ద ఫ్లెక్సీ, పాత హిట్లు. నన్ను డోలక్ పట్టుకుని రమ్మన్నాడు. సభ మొదలుకాకముందు అక్క బిడ్డ నా దగ్గరికొచ్చి ఫోన్ చూపించింది. "మామా, ఇది నువ్వెప్పుడన్న సూసినవా?"

ఆ పాట కింద, ఎక్కడో అడుగున, ఎవరో రాశారు: "డోలక్ కొట్టినోనికి తాళమే రాదు." దాని కింద అక్క జవాబు ఉంది. అన్ని కామెంట్లలో ఆమె ఇచ్చిన ఒకే ఒక జవాబు. "డోలక్ మంచిగనే వాయించిండు. నేనే తొందరవడ్డ, తప్పు నాది."

"అమ్మనే నాతోని టైప్ చేయించింది" అంది బిడ్డ.

రెండో చరణంలో తొందరపడింది నేను. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. పదిహేనేళ్లలో అక్క ఒక్కసారీ తాళం తప్పలేదు.

స్టేజీ మీద లీడర్ మాట్లాడుతున్నాడు. "అక్క మన కుటుంబం. ఏదో చిన్న మనస్పర్థతోని దూరమైంది గని..." అంటుండగా నేను వెళ్లి మైకు అందుకున్నాను.

"అక్క మనల్ని ఇడిచిపోలే. ఇంకొకరి గొంతుకు పెదవులు కదుపుమని మనమే చెప్పినం, ఆమె ఒల్లనన్నది. నేను పక్కనే ఉన్న. మీరు తిట్టిన ఆ పాటకు డోలక్ కొట్టింది నేను. తాళం తప్పింది నేను. పేరు దాచుకున్నది నేను."

లీడర్ నా భుజం పట్టుకుని, "సచ్చిన మనిషి దగ్గర గీ లొల్లెందుకురా?" అన్నాడు మెల్లగా.

"బతికున్నప్పుడే చెయ్యాల్సిండె అన్నా" అన్నాను, మైకులోనే.

కొందరు తల దించుకున్నారు. కొందరు వీడియో తీశారు. "పబ్లిసిటీ" అని ఎవరో అన్నారు. బయట బండ్ల దగ్గర, గ్రూపులో ఫొటో పెట్టిన ఆ మనిషి నా వెనకే వచ్చాడు. "అన్నా, గా పాట లింక్ పంపుతవా? అప్పుడు నేను మొత్తం వినలే."

కొట్టాలనిపించింది. "నీ కామెంట్ యాడున్నదో దేవులాడు. దాని మీదనే పాటున్నది" అన్నాను.

డోలక్ భుజానికేసుకుని నాచారం వచ్చేశాను. ఇక ఆ బ్యాండులో నేను లేను.

బావ పై వాటా మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఆయన సిటీ బస్సు డ్రైవర్. పండగలకూ పెళ్లిళ్లకూ ఆమె పాడే రోజుల్లోనే ఆయనకూ డ్యూటీ. ఆమె స్టేజీ మీద పాడగా ఒక్కసారీ చూడలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేను పక్కన కూర్చునే అలికిడికి కళ్లు తెరిచాడు. ఒక చెవిలోది తీసి, చొక్కా అంచుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. వైరు పొట్టిది, నా చెవిదాకా అందలేదు. అక్క పాట ఆపకుండానే ఆయన నా వైపు కొంచెం జరిగి, తల నా దిక్కు వంచాడు.