చలికోటుకు పెట్టిన పరీక్ష

డెబ్బైల మొదట్లో, నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా, మా కాలేజీ నుంచి ఇద్దరు అమ్మాయిలను హిమాలయాల్లో కొండలెక్కే శిక్షణకు ఎంపిక చేశారు. వాళ్లలో నేనొకదాన్ని. వెంట తెచ్చుకోవలసిన వస్తువుల జాబితాలో 'మంచులో వేసుకునే కోటు' అని ఉంది. అది చదివి మా ఇంట్లో అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చోడవరంలో చలి అంటే తెల్లారగట్ల తలకు మఫ్లరు చుట్టుకోవడం, ఎండెక్కాక దాన్ని చిలక్కొయ్యకు తగిలించడం. అంతకు మించిన చలి మాకెవరికీ తెలియదు.

విశాఖపట్నం హార్బరులో పనిచేసే మా మేనమామ ఆ ఆదివారం రెండు కోట్లు పట్టుకొచ్చాడు. ఓడల్లో వచ్చినవాళ్లు అమ్ముకుపోయిన పాత బట్టలట. ఒకటి నీలం రంగుది, బరువుగా, దగ్గర దగ్గర కుట్లతో బొంతలా ఉంది. రెండోది నారింజ రంగుది, ఉబ్బుగా, చేతిలో పట్టుకుంటే ఏమీ లేనట్టుంది. రెండూ పైన నైలాను గుడ్డే. లోపల ఏం కూరారో తెలియదు.

"నీలంది తీసుకోయే. బరువున్నదే ఎచ్చగా ఉంటాది. రెండోది తిరిగిచ్చేస్తాను" అన్నాడు మామయ్య.

నాకూ అలాగే అనిపించింది. మా అమ్మ మాత్రం రెండు కోట్లలోకీ చెరో చెయ్యి దూర్చి చాలాసేపు కూర్చుంది. అమ్మ చదివింది ఐదో తరగతి వరకే. అయితే ఇంట్లో గడియారం ఆగితే విప్పి చూసేది, ఇస్త్రీపెట్టె పాడైతే విప్పి చూసేది. తెలియని వస్తువు కంటబడితే ఆవిడకు ఊరికే ఉండబుద్ధి కాదు.

"మనం అనుకోడం ఏటి? పరీక్ష పెట్టి సూద్దాం. వచ్చే ఆదివారం దాకా రెండూ ఇక్కడే ఉండనీరా" అంది తమ్ముడితో.

మర్నాడు బజారులో సోడా కొట్టు నుంచి ఐసు దిమ్మ తెప్పించింది. దాన్ని ముక్కలుగా కొట్టి గంగాళంలో పోసి, పైన రాళ్లుప్పు చల్లింది. కొబ్బరినూనె కాచి మూడు మందు సీసాల్లో సమానంగా పోసింది. ఒకటి నీలం కోటు చేతిలో, ఒకటి నారింజ కోటు చేతిలో, మూడోది మేము కప్పుకునే దూది బొంత కొసలో చుట్టి, మూడింటినీ ఐసు మీద పెట్టి గోనెసంచి కప్పింది.

"దేంట్లో నూనె ముందు పేరుకుంటే అది సలిని ఆపలేనట్టు" అంది.

పావుగంటకోసారి గోనె ఎత్తి చూడడం నా పని. ముందు నీలం కోటులో నూనె తెల్లబడింది. తర్వాత బొంతలోది. నారింజ కోటులోది ఇంకా నీళ్లలా కదులుతూనే ఉంది. నేను తప్పుగా చూశానేమోనని అమ్మ మళ్లీ చూసింది. తప్పేం లేదు.

"తేలిగ్గా ఉన్నది ఎలా గెలిచిందే?" అని అమ్మ ఆ రోజంతా అన్నం వండుతూ కూడా అదే అడిగింది.

రెండు రోజుల తర్వాత, వీధిలో దూది ఏకే తాత తన విల్లు మోగించుకుంటూ వస్తే అమ్మ అరుగు మీదకు పిలిచింది. పరుపులు కుట్టడంలో ఆయన జుట్టు నెరిసింది. కోట్ల లోపలి గుడ్డకు రెండేసి కుట్లు విప్పి, లోపలిదేదో చెప్పమంది. తాత చిటికెడు తీసి నలిపి, నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఇది దూది కాదమ్మా. రెండూ మిషన్లో సేసిన ఒకలాంటి నైలాను పీచే. నీలంది అణిగిపోయింది, ఇదింకా పొంగు మీదుంది."

"పొంగుంటే ఏటి?"

"ఎచ్చదనం దూదిలో ఉండదమ్మా, దూది పట్టుకున్న గాల్లో ఉంటాది. అణిగిన పరుపు మీద తొంగుంటే నేల సల్లదనం తెలిసిపోదేటి? అందుకే గదా ఏడాదికోపాలి నాసేత ఏకిస్తారు." అని, నా వైపు చూసి, "ఈ గుంటేనా కొండలెక్కుతాది?" అన్నాడు నవ్వుతూ. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పాడు. "నాలిక మీదెట్టినా తడి పీల్సుకోలేదు సూసేరా? దూదైతే ఈపాటికి ముద్దైపోను."

ఆ మాటతో అమ్మకు రెండో పరీక్ష దొరికింది. మంచు కరిగితే నీరే కదా! కోట్లనూ బొంతనూ నీళ్లలో ముంచి, పిండి, మళ్లీ ఐసు తెప్పించింది. ఈసారి బొంతలో నూనె చూస్తుండగానే గట్టిపడింది. బొంత రాయిలా బరువెక్కింది. తర్వాత నీలంది. నారింజది పొడిగా ఉన్నప్పటికంటే తొందరగానే ఓడినా, అన్నిటికంటే చివర్నే ఓడింది. ఆదివారం మామయ్య నీలం కోటు పట్టుకుపోయాడు. "నూనె సీసాలు సెప్పేయని ఎవరితోనైనా అంటే నవ్వుతారే అప్పా" అన్నాడు.

కొండల్లో నాలుగో రోజు మంచూ వానా కలిసి కురిశాయి. నాతో వచ్చిన అమ్మాయి వాళ్ల నాన్నగారి ఉన్ని ఓవరుకోటు వేసుకుంది. అది తడిసి, పాపం, ఇద్దరం పట్టి పిండినా రెండు రోజులు ఆరలేదు. నేను నా కోటు దులుపుకుని తడి మీదే వేసుకున్నాను. కాసేపటికి లోపల వెచ్చబడింది. అంతవరకు పరీక్ష నిజమే చెప్పింది. కాని బరువు సంచి పట్టీలు నొక్కినచోట భుజాలు గడ్డకట్టాయి. ఈదురుగాలి వీస్తే కుట్టు కుట్టులోంచీ సూదుల్లా దిగింది.

ఇంటికొచ్చాక అందరూ ఎంత ఎత్తెక్కావని అడిగారు. అమ్మ మాత్రం కోటు ఒళ్లో వేసుకుని, "ఎక్కడ సలేసింది, అది సెప్పు" అంది. భుజాల సంగతీ గాలి సంగతీ చెప్పాను.

"భుజాల మాట తాత సెప్పినదే, నొక్కితే పొంగు పోతాది. గాలి మాటే మనకు తట్టలేదే!" అంది. నా కష్టానికి జాలి పడుతుందనుకున్నాను. ఆవిడ మొహంలో సంతోషం దాగలేదు. లేచి వెళ్లి టేబుల్ ఫ్యాను వేసి, తన చెయ్యి తడిపి కోటులోకి దూర్చి, కుట్లను ఒక్కొక్కటే గాలికి ఎదురుగా తిప్పి చూడడం మొదలుపెట్టింది.