తెల్లచీరల పందిరి

నాంపల్లిలో మా ఇంటికి దగ్గర్లో ఒక కాన్పుల దవాఖాన ఉంది. దాని పక్క సందులో పగటిపూట చారెడు నీడ దొరకదు. లోపల కూతుళ్లకు నొప్పులొస్తుంటే తల్లులూ అత్తలూ స్కానింగ్ కవర్లు నెత్తిన పెట్టుకుని ఆ ఎండలోనే కూర్చుంటారు. నేను అబిడ్స్‌లో కాలేజీకి ఆ సందులోంచే వెళ్లేదాన్ని.

వాతావరణ మార్పును తట్టుకునేందుకు కుర్రవాళ్లు తమ వీధుల్లో చేసే పనులకు నగరపాలక సంస్థ వాళ్లు చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తున్నారని మా చర్చి యూత్‌లో తెలిసింది. ఆ సందుకు నీడ కడతామని మేం నలుగురం రాశాం. ఇంటర్వ్యూలో ఒక మేడమ్, "పందిరికీ వాతావరణానికీ ఏం సంబంధమమ్మా?" అన్నారు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. "ఒక పూట ఆ సందులో కూర్చోండి మేడమ్, సంబంధం కలుస్తుంది" అనేశాను. పక్కనున్నవాళ్లు నా కాలు తొక్కారు. అయినా గ్రాంటు వచ్చింది.

అది ఇనుప స్తంభాలకూ తాళ్లకూ వెల్డింగుకూ సరిపోయింది. బట్ట మాత్రం స్థానికుల దగ్గరే సేకరించాలని షరతు. మా చర్చిలో బట్టకేం కొదవ? ప్రభువు బల్ల ఉన్న ఆదివారం, అంటే రొట్టే ద్రాక్షరసం పంచే రోజున, ఆడవాళ్లంతా తెల్లచీరల్లోనే వస్తారు. పెళ్లికీ తెల్లచీరే కడతారు. తెలుపు ఎండను లోపలికి రానివ్వదు కూడా. అడిగిందే తడవు, పెట్టెల అడుగునుంచి కలరా ఉండల వాసనతో చీరలు మా చేతుల్లోకి వచ్చాయి.

ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి. మా నానమ్మ ఇవ్వనంది.

నానమ్మది మెదక్ వైపు. మిషన్ బడిలో పిల్లలకు కుట్లు నేర్పింది. తన పెళ్లి చీర అంచు వెంట తెల్లదారంతో తనే సన్నజాజులు కుట్టుకుంది. తెలుపు మీద తెలుపు కాబట్టి వేలితో తడిమితేనే పువ్వులు తెలుస్తాయి. ఏటా పెళ్లిరోజున ఆ చీర కట్టుకుని, మర్నాడు తన చేత్తోనే ఉతికి మడతపెట్టేది. తాత పోయాక కూడా ఆ పని మానలేదు. ఉతికి ఉతికి అది వెన్నలా అయిపోయింది.

"అది నేను పోయేటప్పుడు కట్టుకునే చీర. మీ తాత నన్ను మొదలు గా చీరలనే చూసిండు. గిప్పుడీ ముడతల మొఖం చూస్తే ఎవలో ముసల్ది అనుకుంటడు. చీర చూస్తెనే గుర్తువడ్తడు" అంది నానమ్మ.

నాకు నవ్వొచ్చింది. తను మాత్రం నవ్వలేదు. నేను ఊరుకున్నాను కానీ లోపల కోపంగానే ఉంది. అంత మంచి చీర మట్టిలో పెట్టడానికా అనుకున్నాను.

ఒక ఆదివారం తెల్లవారుతుండగా పందిరి కట్టాం. ఒక్కో చీరనూ రెండు మడతలు చేసి, గోడ కొక్కేలకూ స్తంభాలకూ బిగించుకుంటూ వెళ్లాం. ఎండ ఎక్కేసరికి కింద వెలుగు పాలలా పరుచుకుంది. గాలి వస్తే చీరలన్నీ ఒకేసారి ఉబ్బి, మెల్లగా దిగేవి. స్టేషన్‌లో రైళ్ల పేర్లు చదివే గొంతు ఎక్కడో నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు వినిపించేది. బేకరీల వైపునుంచి బిస్కెట్ల వాసన. కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే గోడకు ఒరిగి కునుకు తీశారు. ఎవరి పెళ్లిళ్లో మా తలల మీద ఊగుతున్నాయి, కింద ఎవరెవరి బిడ్డలో పుట్టబోతున్నారు. నాకు ఇంటికి వెళ్లాలనిపించలేదు.

అయితే దవాఖాన గేటు దగ్గర బట్ట చాల్లేదు. సరిగ్గా ఒక చీర మేర ఎండ కిందికి పడేది. ఖాళీ మూసి ఫోటో పంపితేనే పని పూర్తయినట్టని మేడమ్ ఫోన్ చేశారు. ఇంకో చీర కోసం ఎవరి గడప తొక్కాలా అని మేం తలలు పట్టుకున్నాం.

తరువాతి ఆదివారం ఆరాధన అయ్యాక నానమ్మ ఆటో ఆపించింది. "చూపియ్యి, ఏం కట్టిన్రో" అంది. పందిరి కింద నడుస్తూ పైకి చూసి ఒక్కో చీరనూ గుర్తుపట్టింది. ఇది ఫలానా ఆమెది, ఇది ఆమె చెల్లెలి పెళ్లిది అంటూ గేటు దాకా వచ్చింది. అక్కడ నిండు నెలల పిల్ల ఒకతె ఎండలో కూర్చుని ఉంది, లోపలికి పిలిచేదాకా కదిలే ఓపిక లేనట్టుంది. నానమ్మ తన గొడుగు విప్పి ఆ పిల్ల మీద పట్టింది. నేను తీసుకోబోతే ఇవ్వలేదు. పిల్లను లోపలికి పిలిచేదాకా అలాగే నిలబడింది.

ఇంటికి రాగానే పెట్టె తెరిచింది. "వానలు రాకముందు నాకు తెచ్చియ్యాలె. నువ్వే ఉతికి తెచ్చియ్యాలె. అది లేకుంట నేను పోను, చెప్తున్న" అంది.

"నా ప్రాణం పోయినా తెచ్చిస్తా నానమ్మా" అన్నాను.

ఖాళీ మూసేశాం. ఫోటో పంపాం. మేడమ్ స్వయంగా వచ్చి పందిరి కింద కూర్చుని టీ తాగి వెళ్లారు. వేసవి అంతా నేను కాలేజీకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి తల ఎత్తి నానమ్మ చీర చూసుకునేదాన్ని.

మొదటి మబ్బులు పట్టిన రోజు తల ఎత్తితే అక్కడ ఆకాశం ఉంది.

తాళ్లు ఉన్నాయి, ముళ్లు శుభ్రంగా విప్పి ఉన్నాయి. సందంతా వెతికాను. దవాఖాన వెనక ఇనుప కమ్మీల మీద తెల్లటి పీలికలు వరసగా ఆరుతున్నాయి. ఒకదాని అంచు వేలితో తడిమాను. సన్నజాజులు తగిలాయి.

కమ్మీల పక్కన కూర్చున్న పెద్దావిడ నన్ను చూసి నవ్వింది. "మా కోడలికి పొద్దుగాల్నే కాన్పయ్యింది బిడ్డా. ఊర్నుంచి ఉత్త చేతులతోటి వచ్చినం. పొత్తిగుడ్డలకు గింత మెత్తటి బట్ట యాడ దొరుకుతది? పురుడు పోసుకునేటోళ్ల కోసమే ఎవలో పుణ్యాత్ములు కట్టిన్రని ఇప్పిన" అంది.

కాన్పుల దవాఖాన పక్కన పాత నూలు చీరలు వేలాడదీసి, అవి అక్కడే ఉంటాయనుకున్నాం మేం. పసిగుడ్డును చుట్టేది పాత చీరలోనేనని తెలియని ఇల్లు ఏది? ఆ పీలికలు తీసుకోవడానికి నాకు చేతులు రాలేదు, వదిలి రావడానికి కాళ్లూ రాలేదు. చివరికి వచ్చేశాను.

నానమ్మ మంచం మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆమె పాదాల దగ్గర కూర్చుని, చూసిందంతా చెప్పాను. చెబుతూ ఏడ్చేశాను. ఆమె చెయ్యి చేటలోనే ఆగిపోయింది. చాలాసేపు గోడమీది తాత ఫోటో వైపు చూసింది. ఆ మొహంలో బాధ ఉంది, అది నాకు కనబడకుండా దాచుకోలేదు.

"మరి తాతకు..." అన్నాను.

ఆమె నా వైపు తిరిగి, "ఆడపిల్లనా, మొగపిలగాడా?" అంది.

"అడగలే నానమ్మా."

"ఏంది బిడ్డా నువ్వు! నా చీరల పండుకున్న పిల్ల ఎవలో తెల్సుకోకుంట ఎట్లొచ్చినవ్?" అంది. చేట పక్కన పెట్టి చెప్పుల కోసం లేచింది.