తాడు అడిగిన మాస్టారు

సాంబశివరావు మాస్టారు ఇక లేరు. గురువారం పొద్దున తెనాలిలో, ఇంటి వరండాలో కుర్చీలో కూర్చుని కాన్వాసు బూట్లకు లేసులు కట్టుకుంటూ అలాగే ముందుకు ఒరిగిపోయారట. డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో అలాంటి మరణం అదృష్టమని చూడవచ్చిన వాళ్ళు అన్నారు. నాకు అలా అనిపించలేదు. తలపెట్టిన పనిలో అంగుళం కూడా జరగకుండా వెళ్ళిపోయిన మనిషికి ఏ మరణమూ సుఖమరణం కాదు.

కబురు నాకు చెప్పింది వాళ్ళ ఇంటివాళ్ళు కాదు, రేపల్లె నుంచి నాగమణి. "బాబాయ్ గారూ, మాస్టారు పోయారంట. నిజమేనా?" అని ఫోన్లో అడిగింది. నాకు తెలియదన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా పత్రికలో మరణవార్తలు రాసినవాణ్ణి. ఎవరు, ఎప్పుడు, ఎలా అని అడగడం అలవాటైన పని. ఆ పొద్దున ఒక్క ప్రశ్నా నోటికి రాలేదు. "నిజమేనా" అన్న ఆమె ప్రశ్ననే మనసులో పదే పదే అనుకుంటూ వాళ్ళింటికి నడిచాను. నిజమే.

ఎరగని వాళ్ళ కోసం చెబుతాను. ఆయన తెనాలిలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అంతకుమించి ఆయనకు ఇంకో వ్యాపకం ఉండేది. కృష్ణకు వరదొస్తే రేపల్లె వైపు లంక గ్రామాలకు, తుపానొస్తే బాపట్ల వైపు తీరానికి తన మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. వాళ్ళలో ఒక వడ్రంగి, ఒక దర్జీ, ఇద్దరు టీచర్లు, ఒక గుడి పూజారి, ఏట్లో చేపలవేట చేసుకునేవాళ్ళు ముగ్గురు నలుగురు ఉండేవారు. ముసలివాళ్ళను భుజాన మోసి పడవెక్కించడం, పడిన చెట్లు నరికి దారి చెయ్యడం, పశువులను కరకట్ట మీదికి తోలడం, నీరు తీశాక ఇళ్ళలో బురద ఎత్తిపొయ్యడం వాళ్ళ పని. ఆ దళానికి పేరు లేదు, బ్యానరు లేదు. జనం "మాస్టారి మనుషులు" అనేవాళ్ళు, అంతే.

ఆ పేరు లేకపోవడమే ఆయన గర్వం. ఒకసారి తుపాను వెలిశాక వాడరేవులో ఒక నాయకుడు వచ్చి వీళ్ళతో ఫోటో దిగుతానన్నాడు. మాస్టారు కాదనలేదు. ఈల వేసి అందరినీ వరసలో నిలబెట్టారు. ఫోటోగ్రాఫర్ సిద్ధం కాగానే "అబౌట్ టర్న్" అని అరిచారు. మర్నాడు పేపర్లో నాయకుడి నవ్వుముఖం వెనక పన్నెండు వీపులు వచ్చాయి. "ఏంటి మాస్టారూ ఇది?" అని నాయకుడి అనుచరుడు కోపంగా అడిగితే, "బురద మోసింది వీపులేగా అండి, వాటికే ఫోటో" అన్నారు. ఆ సంగతి నేను ఎన్నో సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఇప్పుడు చెప్పాలంటే నోరు రావడం లేదు.

వాళ్ళకొక పద్ధతి ఉండేది. పడవెక్కే ముందు ఈల వేస్తే అందరూ నిలబడి ఎవరి నంబరు వాళ్ళు పైకి చెప్పాలి. సాయంత్రం కరకట్ట మీదికి తిరిగి వచ్చాక మళ్ళీ చెప్పాలి. అన్ని నంబర్లూ పలికితే ఇంటికి పోవచ్చు. రాతకోతలు లేవు. ఆ పెద్ద వరద వచ్చిన ఏడు, రెవెన్యూ ఆఫీసు గుమాస్తా ఒకడు కాగితం పట్టుకుని కరకట్ట మీదికే వచ్చాడు. "పేర్లు చెప్పండి మాస్టారూ, రాసుకుంటాను" అన్నాడు. "పేరు రాయించుకుంటే అది సేవెట్లా అవుద్దండి? హాజరు అవుద్ది" అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. గుమాస్తా కూడా నవ్వి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ కాగితం మీద పద్నాలుగు పేర్లు పడి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది.

ఆ రోజు తొమ్మిదో నంబరు నాంచారయ్య. నాగమణి భర్త. ముప్పై నాలుగేళ్ళవాడు, ఏటి పోకడ తెలిసినవాడు. ఒక లంక నుంచి మూడుసార్లు జనాన్ని చేరవేశాడు. మూడోసారి ఒక బాలింతనూ ఆమె అత్తగారినీ ఒడ్డుకు దింపాడు. ఇంకో నలుగురు బడి కప్పు మీద ఉన్నారని పదమూడో నంబరు వడ్రంగిని తోడు తీసుకుని మళ్ళీ బయల్దేరాడు. పడవలో లైఫ్ జాకెట్ లేదు. ఉన్న ఒక్క తాడుతో కట్ట మీద గేదెల్ని కట్టేశారు. కొట్టుకొచ్చిన చెట్టుమొద్దు ఒకటి తగిలి పడవ తిరగబడింది. వడ్రంగి ఒక తుమ్మకొమ్మ పట్టుకుని బతికాడు. మాస్టారికి ఆ సంగతి ఇంకా అందలేదు. చీకటి పడకముందే అలవాటు ప్రకారం ఈల వేశారు. ఎనిమిది దాకా వచ్చి ఆగింది. పది అనాల్సిన దర్జీ వెంకటేశ్వర్లు నోరు తెరవలేదు. మాస్టారు మళ్ళీ ఈల వేసి మొదటి నుంచి చెప్పమన్నారు. మళ్ళీ ఎనిమిది దగ్గరే ఆగింది.

మూడో రోజున శవం దొరికింది. పడవలో వల ఉంది కాబట్టి, మనిషి ముంపు గ్రామం వాడు కాదు కాబట్టి, ఎవరు పంపారో చూపే కాగితం లేదు కాబట్టి, నివేదికలో ఇలా రాశారు: హెచ్చరికలను లెక్కచేయకుండా చేపల వేటకు వెళ్ళి మరణించాడు. మాస్టారు, మిగతా అందరూ వెళ్ళి సాక్ష్యం చెప్పారు. ఆ నివేదిక రాసిన అధికారి చెడ్డవాడేమీ కాదు. "మీరు చెప్పింది నేను నమ్ముతున్నానండి. నమ్మకాన్ని ఫైల్లో ఎలా పెట్టమంటారు? ఒక్క కాగితం చూపించండి" అన్నాడు. చూపించడానికి ఏముంది?

నాగమణి గుమ్మంలో కూర్చుని అన్న మాటలు మాస్టారు నాకు చాలాసార్లు అప్పజెప్పారు. "పరిహారం ఇయ్యకపోతే మానె మాస్టారూ. ఊళ్ళు మునిగిపోతంటే నా మొగుడు చేపల కోసం ఎల్లాడని రాశారు. అంత ఆశపోతోడా ఆయన? వాడకట్టంతా అదే అంటన్నారు. ఆ ఒక్క ముక్క కొట్టించెయ్యండి, చాలు."

ఆ ఒక్క ముక్క కొట్టించడానికి ఆయన మిగిలిన జీవితం పట్టింది, అదీ చాలలేదు. డ్రిల్లు మాస్టారు అర్జీల మాస్టారయ్యారు. అర్జీలో మొదటి కోరిక నాంచారయ్య గురించి. రెండోది అందరి గురించి: విపత్తులో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళ పేర్లు ప్రభుత్వమే రాసుకోవాలి, ఏడాదికోసారి శిక్షణ ఇవ్వాలి, పడవకు జాకెట్లూ తాళ్ళూ ఇవ్వాలి, ఆ పనిలో పోయినవాణ్ణి ప్రభుత్వం పని మీద పోయినట్టే చూడాలి. పేరు అడిగితే చిన్నతనం అనుకున్న మనిషి, పేరు రాసుకోండని గుమ్మం గుమ్మం తిరిగారు. ఆ తిరగడంలో ఎంత ప్రాయశ్చిత్తం ఉందో చూసినవాళ్ళకే తెలుసు.

నాకూ మొదట్లో ఈ వాదన రుచించలేదు. ప్రభుత్వం చెయ్యి పడితే సేవలో ఇక సేవ ఏం మిగులుతుందని ఆయనతో అన్నాను. "మరి సర్కారు చెయ్యి పడకపోతే మనిషి మిగలట్లేదుగా అండి" అన్నారు. పై అధికారి ఒకాయన కూడా ఇదే మాట పెద్ద పదాలతో చెప్పాడు. జీతభత్యాలు మొదలుపెడితే సేవాభావం నశిస్తుందన్నాడు. మాస్టారు లేచి నిలబడ్డారు. "నేను జీతం అడగలేదండి. తాడు అడిగాను." అధికారి టీ తెప్పించాడు. తాడు రాలేదు.

తర్వాత జిల్లాలు విడిపోయాయి. రేపల్లె బాపట్ల వైపు పోయింది, తెనాలి పాత జిల్లాలోనే ఉండిపోయింది. పాత ఆఫీసులో ఫైలు కొత్త ఆఫీసుకు పంపామన్నారు. కొత్త ఆఫీసులో ఇంకా రాలేదన్నారు. వాలంటీర్ల గురించి అంటే, పింఛన్లు పంచే గ్రామ వాలంటీర్లనుకుని, "ఏ సచివాలయం మాస్టారూ మీది?" అని ఒక ఉద్యోగి అడిగాడు. "నాది కరకట్ట బాబూ" అన్నారు. అతనికి అర్థం కాలేదు. ఆ మాట ఎంత విసిగి అన్నారో పక్కనున్న నాకు అర్థమైంది.

ప్రతి వరదకూ ఆటోల్లో మైకులు తిరుగుతాయి. సేవాభావం కలవారు ముందుకు రావాలని పిలుస్తాయి. "పిలవడానికి మైకుంది గానీ, పేరు రాసుకోవడానికి పుస్తకం లేదు" అనేవారు మాస్టారు. ఆయన మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. దర్జీ వెంకటేశ్వర్లు అంత్యక్రియల రోజున నా చెయ్యి పట్టుకుని చెప్పాడు: "మొన్నటి వరదకు మాస్టారు కబురు పెట్టారు అన్నయ్యా. మా ఆవిడ తలుపుకడ్డం కూర్చుంది. నువ్వు పోతే దేనికోసం పోయావని రాస్తారో, నేను ఆ మాట పడలేనంది. ఏం చెప్పను?" ఆ వరదకు మాస్టారు ఒక్కరే కరకట్ట మీద నిలబడి ఈల వేశారు. ఎవరూ రాలేదు. ఒక కుర్ర కానిస్టేబుల్ వచ్చి, "తాతయ్యా, ఇక్కడ ఉండకూడదు, ఇంటికెళ్ళండి" అన్నాడట. "నీ దగ్గర తాడుందా?" అని అడిగారట మాస్టారు. "లేదు తాతయ్యా." "మరింకేం, నువ్వు కూడా ఇంటికి పో."

ఇక నేను రాయక తప్పని సంగతి ఒకటుంది. బాపట్లలో ఒక విచారణకు ఆయనతో నేనూ వెళ్ళాను. అక్కడ అధికారి ఫైలు తిప్పుతూ, "పత్రికలో కూడా వేటకు వెళ్ళినట్టే వచ్చింది కదండి" అని ఒక కత్తిరింపు చూపించాడు. నాలుగు వాక్యాల వార్త. అది రాసింది నేనే. తెనాలిలో కూర్చుని, నివేదిక ఫోన్లో చదివించుకుని, ఎవరినీ అడగకుండా రాశాను. అప్పటికి నాకు నాంచారయ్య ఎవరో తెలియదు. మాస్టారి మనిషని తెలియదు. మర్నాటికే మర్చిపోయాను. నేను మర్చిపోయింది ఆ ఫైల్లో రుజువుగా బతికింది.

తిరుగు రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. నిడుబ్రోలు దాటాక ధైర్యం చేసి చెప్పాను. ఆయన పొన్నూరు చేల మీంచి చూపు తిప్పలేదు. "మీరు ఉన్న కాగితం చూసి రాశారు. నేను అసలు కాగితమే లేకుండా చేశాను. మీది చిన్న తప్పండి" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. సవరణ వేయమని మా డెస్కుకు రాశాను. అంత పాత వార్తకు సవరణ వేసే ఆనవాయితీ లేదన్నారు. ఆ మాట ఆయనకు చెప్పినప్పుడు తల ఊపి, "మీకూ ఆఫీసే కదా" అన్నారు.

మాస్టారి గురించి రాయమని ఇప్పుడు పత్రిక అడిగింది. చనిపోయిన మనిషికి ఇంత చోటు దొరికింది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. నాంచారయ్య చేపల వేటకు వెళ్ళలేదు. మునిగిపోతున్న బడి కప్పు మీద ఉన్న నలుగురి కోసం వెళ్ళాడు. అప్పుడు నేను రాసింది తప్పు.

దీనివల్ల ఏమీ జరగదని నాకు తెలుసు. ఫైల్లో ఇది చెల్లుతుందా అని ఒక పరిచయస్థుణ్ణి వాకబు చేశాను. సంస్మరణ వ్యాసం రుజువు కిందికి రాదట. పైగా అర్జీదారు చనిపోయాడు కాబట్టి అర్జీ కూడా ముగిసినట్టేనట. వరదలు మళ్ళీ వస్తాయి. మైకులు మళ్ళీ పిలుస్తాయి. కరకట్ట మీద ఈల వేసేవారు ఉండరు. పిలుపుకు వెళ్ళమని నా వాళ్ళకు నేను చెప్పలేను. మీరు మీ వాళ్ళకు చెప్పగలరేమో ఆలోచించుకోండి.

అచ్చుకు పంపే ముందు నాంచారయ్య గురించి రాసిన ఆ మూడు వాక్యాలూ నాగమణికి ఫోన్లో చదివి వినిపించాను.

"బాగుంది బాబాయ్ గారూ" అంది. "మాస్టారుంటే ఈపాటికి జిరాక్సులు తీయించేవోరు."

ఎన్ని తీయించాలో, ఏ ఆఫీసులో ఎవరి బల్ల మీద పెట్టాలో ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. తెలిసిన ఒక్క మనిషినీ శుక్రవారం పొద్దున కాల్చి వచ్చాం.