ఎర్రకోటు పై గుండీ

మానవపాడు బక్కయ్య ముప్పై అయిదేళ్లు వచ్చేదాకా కృష్ణ, తుంగభద్ర తప్ప పెద్ద నీళ్లు చూసినవాడు కాదు. వరుసగా రెండేళ్లు జొన్న ఎండిపోయేసరికి, పెద్ద లడాయి నడుస్తున్న ఆ రోజుల్లో, రైలెక్కిపోయి సముద్రం ఒడ్డున ఒక కోటలో పనికి కుదిరాడు. పాతకాలపు ఫిరంగులు, కత్తులు, చచ్చిపోయిన సిపాయిల కోట్లు అక్కడ జనానికి చూపించడానికి పెట్టారు. వాటి దుమ్ము దులిపి, ఇనుముకు నూనె పూయడం బక్కయ్య పని.

వానచుక్క లేకుండానే ఫిరంగులు తడిసి ఉండేవి. "ఇనుముకు గూడ చెమట పడ్తదా?" అని జమేదారు చెన్నయ్యను అడిగాడు. సముద్రపు గాలి అంతేనన్నాడు చెన్నయ్య. సరే అనుకున్నాడు.

ఎర్రకోటు సంగతే అంతుపట్టలేదు. దాన్ని తొడుక్కున్న సిపాయి ఆ కోట గోడ మీదే గుండు తగిలి పోయాడట. పొద్దున గుండీలన్నీ పెట్టి, గదికి తాళం వేసి, మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి పై గుండీ ఊడి ఉండేది. తాళంచెవి చూస్తే తన మొలతాడుకే ఉండేది.

"ఊపిరాడక విప్పుకుంటాడులే, బక్కయ్యా," అన్నాడు చెన్నయ్య. నవ్వులాటకన్నాడో, నిజమే అన్నాడో!

ఒకరోజు కోటను చూసుకునే ఇంగ్లీషు దొర పిలిపించాడు. "దయ్యాన్ని చూశావా అంటున్నారు దొరగారు," అన్నాడు చెన్నయ్య.

బక్కయ్య పరేషాన్ అయ్యాడు. చూశానంటే పిరికివాడని పనిలోంచి తీసేస్తారేమో. చూడలేదంటే గుండీ నువ్వే విప్పావంటారేమో.

"గుండీ ఊడింది చూసిన. మనిషిని చూడలే."

చెన్నయ్య దాన్ని ఇంగ్లీషులో ఏమని చెప్పాడో, దొర లేచొచ్చి బక్కయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఆ తర్వాత వచ్చిన జనం ఫిరంగుల్ని వదిలేసి బక్కయ్య చుట్టూ మూగేవారు. "నేనేం చూడలే సారూ," అని మొత్తుకుంటే, పాపం, ఇంకా భయం పోలేదనుకునేవారు.

వానలు పడ్డాయని తెలిసి ఇంటికొచ్చాడు. కథ అతనికంటే ముందే ఊరు చేరింది.

"నిజం చెప్పు, ఉండెనా?" అంది భార్య జోగులమ్మ.

"తెల్వదే. ఉన్నదని నేను ఎవ్వరికీ చెప్పలే. లేదని ఎట్ల చెప్పాలె?"

"గుండీ పెట్టకుండ ఒక్కనాడన్న ఇడిసి చూడకపోతివా?"

బక్కయ్యకు ఎనిమిది నెలల్లో ఆ ఆలోచనే రాలేదు.

ఊళ్లో అందరూ 'దయ్యాన్ని చూసిన బక్కయ్య' అనే పిలిచారు. మొదట్లో కాదు కాదనేవాడు. జొన్న కోతలకొచ్చే నాటికి ఆ పేరుతో పిలిచినా పలకడం మొదలుపెట్టాడు.