ఆరు మీటర్ల అల

మా ఇటిక్యాల వైపు నీళ్లంటే మట్టమే. జూరాల డ్యాంలో నీళ్లు ఎన్ని మీటర్లున్నాయో ఫోన్లో చూసి, గేట్లు ఎత్తుతారో లేదో పొద్దున్నే తీర్పు చెప్పేస్తాం. ఆ అలవాటే ఒకరోజు నా ప్రాణం తోడేసింది.

అప్పుడు మా తమ్ముడు కోస్తాలో కూలికి పోయాడు. సముద్రంలోకి బండరాళ్లతో గోడ కట్టే పని. గోడ నీళ్ల మీదికి ఐదు మీటర్లుంటుందని, వాళ్ల రేకుల షెడ్లు దాని వెనకేనని చెప్పాడు. తుఫాను రోజు వాడి ఫోన్ కలవలేదు. నేను ఫోన్లో వెతికితే అక్కడ అలల ఎత్తు ఆరు మీటర్లని కనిపించింది.

ఐదు మీటర్ల గోడ, ఆరు మీటర్ల నీళ్లు. నాకు లెక్కలొచ్చని ఇంట్లో పేరు కదా, గోడ మీదుగా మీటరు నీళ్లు పారించి షెడ్లన్నీ ముంచేశాను. అమ్మకు చెప్పలేదు. నా మొహం చూస్తే చెప్పే పనే లేదు. రోజంతా ఇద్దరం ఊరికే కసురుకున్నాం.

పొద్దుగూకే వేళకు వాడే ఫోన్ చేశాడు. అమ్మకూ వినబడాలని స్పీకరు పెట్టాను.

"మంచిగనే ఉన్నమక్కా. నిన్ననే మమ్మల్ని ఊర్ల బడికి తోలిన్రు. కరెంటు లేక ఫోన్ బందయింది."

ప్రాణం లేచొచ్చాక నోరారా తిట్టాను. ఆరు మీటర్ల సంగతి చెబితే నవ్వాడు.

"అది జూరాల మట్టం గాదక్కా. ఒడ్డుకు దూరంగ లంగరేసిన డబ్బా ఒకటి తేలుతుంటది. అలతోని లేస్తది, దిగుతది. కింద గుంత కాడికెల్లి మీద కొన దాంక ఎంతనో కొలుస్తది. మామూలు నీళ్ల మీదికి లేచేది అందుల సగమంతనే. ఒడ్డు కాడ లోతు తగ్గినాక పెద్దయి చానా మట్టుకు ఇరిగిపోతయి."

"అయితే గోడ దాటలేదా?"



"దాటినయి. ఆ ఆరు మీటర్లు పెద్ద అలల సగటంట. ఒక్కోటి దానికి రెట్టింపు గూడ లేస్తదంట. మేం నిలబడి రాళ్లు దింపిచ్చే గోడ కొన కొట్టుకపోయింది. అలలు గంత లేస్తయని నిన్ననే తుఫాను కబురుల తెలిసి, మా ఇంజనీరు సారు గోడ దిగుమన్నడు. మబ్బు గూడ పట్టలే, నడుమల పనెందుకు ఆపుతవని కొట్లాడినం."

నేను నోరు తెరిచేలోపే అమ్మ ఫోన్ గుంజుకుంది.

"ముందు పోయి ఆ సారును మాఫీ అడుగు కొడకా," అంది. ఇంకేమీ అనలేక నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.