యాడాన్లు తీసేసిన ఏడాది

నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే రంగు. కాగితం మీద రాయడానికి తేలికగానే ఉంది కానీ, నోటితో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. చెప్పగానే ఎదుటివాడు చేసే మొదటి పని, తన చొక్కా పట్టుకుని "ఇదేం రంగో చెప్పు" అనడం. నేను సరిగ్గా చెప్పానా, ఇక నన్ను అబద్ధాలకోరు కింద జమకట్టేస్తాడు. ఆకు పచ్చన, పండు మిరపకాయ ఎర్రన అని చిన్నప్పటినుంచీ నలుగురూ అంటుంటే విని బట్టీ పట్టినవాణ్ణి. ఏ వస్తువుకు ఏ రంగు పేరు చెప్పాలో నాకు తెలుసు. రంగే తెలియదు.

మా మామిడితోట రెడ్డిగూడేనికీ విస్సన్నపేటకూ మధ్య ఉంటుంది. రసాలు ఎక్కువ, బంగినపల్లి కొంత, గట్టు వెంట కలెక్టర్ కాయ. నాన్న పోయాక పెద్దమనుషులు కూర్చుని దాన్ని అన్నయ్యకూ నాకూ పంచారు. మధ్యలో గీత గీస్తే మంచి కాపు చెట్లన్నీ ఒకవైపే పడతాయని చెట్టు చెట్టుగా పంచారు. దాంతో ఆయన చెట్టు పక్కన నా చెట్టు, నా చెట్టు వెనక ఆయన చెట్టు. గుర్తుకు మొదళ్ల మీద పెయింటు వేయించారు. అన్నయ్యకు ఎర్రచుక్క, నాకు పచ్చచుక్క. రంగుల దగ్గర నాకు తికమక ఉందని అప్పటికే తెలుసు కానీ, నలుగురిలో అడిగి నవ్వులపాలు కావడం దేనికని ఊరుకున్నాను.

పాత మేస్త్రీ ఉన్నంతకాలం ఇబ్బంది రాలేదు. ఏ చెట్టు ఎవరిదో ఆయనకు నోటికి వచ్చు. ఆయన మంచాన పడ్డ ఏడాది కొత్త కోత ముఠా దిగింది. వాళ్లకు నేనే ముందు నడిచి చెట్లు చూపించాను. మధ్యాహ్నానికల్లా మధ్య వరసల్లో అన్నయ్య రసాల చెట్లు ఖాళీ అయిపోయాయి. ఆయన వచ్చి చెట్లకేసి చూశాడు, ట్రేలకేసి చూశాడు, నాకేసి చూశాడు.

"కావాలనే చేశావా?" అన్నాడు.

ఉన్నమాట చెప్పాను. రెండు చుక్కలూ నాకు ఒక్కలాగే కనిపిస్తాయన్నాను.

"నలభై ఏళ్లొచ్చినోడివి, పచ్చా ఎరుపూ తెలీదంటే నమ్మడానికి నేనేమన్నా చెవిలో పువ్వు పెట్టుకున్నానా?" అన్నాడు.

బెజవాడ వెళ్లి కంటి డాక్టరుకు చూపించుకుని వచ్చాను. దీనికి వర్ణాంధత అని పేరుందని, మందు లేదని ఆయన చెప్పాడు. ఆ మాట మోసుకొచ్చి చెబితే అన్నయ్య తలుపు కూడా పూర్తిగా తీయలేదు. కోసిన కాయలన్నీ ఆయన షెడ్డు ముందు గడ్డి పరిచి పోయించాను. ముట్టుకోలేదు. అవి అక్కడే పండి, అక్కడే కుళ్లాయి. ఆ వేసవంతా గాలి అటునుంచి వీస్తే నాకు అన్నం సయించేది కాదు. నా చెట్లకు తాడు కట్టో, వేరే పెయింటు వేసో గుర్తు పెట్టుకుంటానని కబురు పంపితే, పెద్దలు పెట్టిన గుర్తుల మీద చెయ్యి వేస్తే ఊరుకోనన్నాడు. అప్పటినుంచీ ప్రతి కోతకూ కొత్త మేస్త్రీ నా పక్కన నిలబడి, "ఇది మనదండీ, అది పెద్దబాబుగారిదండీ" అని నా తోట నాకు చూపిస్తున్నాడు. అన్నయ్యతో మాటలు అంతటితో సరి.

నాకు పెళ్లి కాలేదు. కోతలైపోయి ముఠా వెళ్లిపోయాక మళ్లీ పూత వచ్చేదాకా తోటలో మనిషి అలికిడి ఉండదు. పాలవాడు గేటు దగ్గర పాకెట్టు పెట్టి పోతాడు. ఒకసారి ఫోను మోగితే ఎత్తి హలో అనబోయాను, గొంతు పెగల్లేదు. మాట్లాడి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకుందామంటే గుర్తు రాలేదు. ఆ రోజు నాకు భయం వేసింది.

ఆ భయంతోనే ఆటలో చేరాను. కంప్యూటర్లో ఆన్‌లైన్‌గా ఆడే ఆట. మనకో వేషం ఉంటుంది, ఎక్కడెక్కడివాళ్లో జట్టుగా కలిసి గుహల్లో దిగి రాక్షసుల్ని చంపాలి. ఈ వయసులో ఇదేం బుద్ధి అంటారని ఎవరికీ చెప్పలేదు. అయినా చెప్పడానికి ఎవరున్నారు గనక! మా జట్టంతా తెలుగువాళ్లే. లీడరు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు. సాయంత్రం హెడ్‌ఫోను పెట్టుకోగానే "బాబాయ్ వచ్చారు, ఇంక మొదలెడదామా" అనేవాడు. ఆ ఒక్క పిలుపు కోసం నేను మధ్యాహ్నం నుంచీ గడియారం చూసేవాణ్ణి. నా వేషం వైద్యుడిది. దెబ్బ తిన్నవాళ్లకు ప్రాణం పోస్తుండాలి. బాగానే పోసేవాణ్ణి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, పెద్ద రాక్షసుడు నేల మీద వలయాలు వేస్తాడు. పచ్చ వలయంలో నిలబడితే రక్షణ, ఎర్రదాంట్లో కాలు పెడితే మసి. పోయి పోయి ఇక్కడ కూడా అవే రెండు రంగులు! నా ముఖాన బ్రహ్మ గీసింది నల్లగీత అయినా బాగుండేది, కనిపించేది.

యాడాన్ అంటే ఆట తయారుచేసిన కంపెనీవాళ్లది కాదు, ఆడేవాళ్లే రాసి ఆటకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. అలాంటివి రాసే ఒక విదేశీయుడికి నాకొచ్చిన ఇంగ్లీషులో నా బాధ రాశాను. అతను చొక్కా చూపించి ఇదేం రంగని అడగలేదు. డాక్టరు కాగితం అడగలేదు. "చారలు కావాలా, చుక్కలు కావాలా?" అని మాత్రం అడిగాడు. ఎర్ర వలయానికి చారలు, పచ్చదానికి చుక్కలు పెట్టి పంపాడు. ఆ ప్రశ్న చదివి నేను ఏడ్చాను. సొంత అన్న నమ్మనిది, ముక్కూ మొహం తెలియనివాడు నమ్మాడు.

మొన్న పూత సమయంలో కంపెనీ ప్రకటన వచ్చింది. ఇకమీదట పోరాటాల్లో ఏ యాడానూ పనిచేయదట. మా జట్టులో పెద్ద వాదన నడిచింది.

"తీసేయడమే కరెక్టు బాబాయ్" అన్నాడు లీడరు. "ఎప్పుడు తప్పుకోవాలో అదే గంట కొడుతుంది, ఏ మంత్రం వేయాలో అదే చెబుతుంది. ఇంక మనం ఆడేదేంటి? అందరికీ ఒకటే ఆట ఉండాలి కదా."

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. యాడాన్లతో గంగిరెద్దులా ముస్తాబై వచ్చి, వేలు కదపకుండా గెలిచేవాళ్లను నేనూ చూశాను, నేనూ తిట్టుకున్నాను. కానీ కళ్లజోడు పెట్టుకుని పరీక్ష రాయడం వేరు, చీటీలు పెట్టి రాయడం వేరు. ఏది కళ్లజోడో, ఏది చీటీయో ఓపికగా చూసి వేరుచేయాల్సినవాళ్లు ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టారు. అదే అన్నాను, గట్టిగా అన్నాను. అరిచానేమో కూడా. అందరికీ ఒకటే ఆట అనడానికి ముందు అందరికీ ఒకటే కళ్లున్నాయో లేదో కనుక్కోమన్నాను. నా కళ్ల సంగతి మాత్రం చెప్పలేదు. ఒకసారి చెప్పి చూశాను కదా, చాల్లే అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అకాల వర్షం పడింది. పూత రాలిపోతోందని మేస్త్రీ తిట్టుకుంటూ వచ్చి నా గదిలో తల తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఏంటండీ ఈ చారలు?" అన్నాడు, తెరకేసి చూసి.

ఎవరితోనన్నా చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉన్నాను. యాడాన్ తీసి చూపించాను, పెట్టి చూపించాను. అది లేకపోతే రెండు వలయాలూ నాకు ఒకటేనన్నాను. మేస్త్రీ చాలాసేపు తెరనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"అయితే ఆ చుక్కలు మీకు నిజంగానే తెలియవన్నమాటండీ" అన్నాడు. వాన తగ్గగానే వెళ్లిపోయాడు.

పిందెలు పడేనాటికి యాడాన్లు పోయాయి. వాటి బదులు కంపెనీవాళ్లే వర్ణాంధుల కోసమని ఒక సెట్టింగు పెట్టారు. ఆశగా నొక్కాను. ఆకాశం రంగు మారింది, రాక్షసుడి గడ్డం రంగు మారింది. వలయాలు రెండూ కలిసికట్టుగా వేరే రంగులోకి మారాయి, మళ్లీ ఒకదానిలాగే ఒకటి. ఏ రంగులు కనిపించనివాణ్ణి అడిగి చేశారో దేవుడికే తెలియాలి.

ఆ సాయంత్రం జట్టంతా కలిసి పెద్ద రాక్షసుడి మీదికి వెళ్లాం. నేను ఎర్ర వలయంలో కాలు పెట్టాను. వైద్యుడు పోతే ఇంకేముంది, వరసగా అందరూ పోయారు. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ పెట్టాను. మూడోసారి పక్కవాళ్లను చూసి వాళ్ల వెనకే పరిగెత్తుదామనుకున్నాను, ఒక్క క్షణం ఆలస్యమైంది. హెడ్‌ఫోనులో లీడరు గొంతు వినిపించింది, మెల్లగా, మర్యాదగానే.

"కావాలనే చేస్తున్నారా బాబాయ్? యాడాన్లు తీసేశారని కోపమా?"

అతని తప్పు లేదు. అంత వాదించినవాణ్ణి, ఆట చెడగొట్టి కక్ష తీర్చుకుంటున్నాననుకున్నాడు. ఆ ఆలోచన ఎవరికైనా వస్తుంది. కానీ ఆ మాట విన్నాక నాకు కుళ్లిన రసాల వాసన వచ్చింది. హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, జట్టులోంచి నా పేరు తీసేసుకున్నాను. తర్వాత కొన్నాళ్లు సాయంత్రం అయ్యేసరికి అలవాటుకొద్దీ కుర్చీలో కూర్చునేవాణ్ణి, మళ్లీ లేచి గేటుదాకా నడిచేవాణ్ణి. గేటు దగ్గర ఎవరూ ఉండరని తెలుసు. ఎండలు ముదిరాయి. మళ్లీ గొంతు పెగలని రోజులు వచ్చాయి.

కోత రోజు ముఠా పొద్దున్నే దిగింది. చిక్కాలు కట్టిన గెడలు భుజాన వేసుకుని వాళ్లు ముందు నడుస్తుంటే, మేస్త్రీ చేత చూపించుకోవాలి కదా ఖర్మ, అనుకుంటూ వెనకాల వెళ్లాను. మధ్య వరసల దగ్గర ఆగిపోయాను. కొన్ని చెట్లకు నడుమెత్తున తెల్లగా సున్నం పట్టీలు. ఒక చెట్టుకుంది, పక్కదానికి లేదు, దాని వెనకదానికి ఉంది. ఆ చివరనుంచి ఈ చివరదాకా కళ్లతోనే నడిచి వచ్చాను. మేస్త్రీ 'మనదండీ' అన్నవాటిలో నాకు గుర్తున్న రెండు మూడింటికి పట్టీ లేదు. అంటే పట్టీ లేనివన్నీ నావి. పంచుకున్న ఇన్నేళ్లకు నా తోట నాకు మొదటిసారి కనిపించింది.

"ఏంటిది?" అని మేస్త్రీని అడిగాను.

"పెద్దబాబుగారు వేయించారండీ. చెదలు పట్టకుండా అంటండీ."

"నా చెట్లకు పట్టవా చెదలు?"

"అది ఆయన్నే అడగాలండీ. నేనేం చెప్పలేదండీ" అన్నాడు, నేను అడక్కుండానే.

అన్నయ్య షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఖాళీ ట్రేలు దించడం చూస్తున్నాడు. దగ్గరికి వెళ్లాను. ఆయన జుట్టు బాగా నెరిసింది.

"అన్నయ్యా, కనిపిస్తున్నాయి" అన్నాను.

ఆయన ట్రేల మీదనుంచి చూపు తిప్పలేదు.

"కనిపిస్తున్నాయిగా. ఇంకోసారి నా కాయ మీద చెయ్యి పడిందంటే మాత్రం, కావాలనే చేశావనుకుంటా" అన్నాడు.

అంటే అప్పుడు కావాలని చేయలేదని ఒప్పుకున్నట్టే. నేను తల ఊపి వచ్చేశాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువైనా ఇద్దరికీ కష్టమయ్యేది. చెట్ల మీద నా తాడూ నా పెయింటూ పడనివ్వనని పట్టుబట్టినవాడు, చివరికి తన చెట్లకు తనే గుర్తు పెట్టాడు. ఆట కంపెనీవాళ్లను కూడా నేను కోరేది అంతే. సొంతదారులు మీరే సరిగ్గా గుర్తు పెట్టండి, ఏ యాడానూ అక్కర్లేదు. పెట్టలేకపోతే, పెట్టేవాడి చెయ్యి పట్టుకోకండి.

ఆ సాయంత్రం ఎవరికైనా చెప్పాలనిపించింది. మా అన్నయ్య నాతో మాట్లాడాడని చెప్పాలి. ముఠా వెళ్లిపోయింది, మేస్త్రీ ఫోను ఎత్తలేదు. కంప్యూటరు పెట్టి ఆట తెరిచాను. జట్టులో నేను లేను కాబట్టి లీడరు ఒక్కడికే విడిగా రాశాను. "బాబూ, ఆ రోజు నేను కావాలని చేయలేదు. నాకు ఎరుపూ పచ్చా తెలియవు" అని రాసి, మళ్లీ మనసు మారకముందే పంపేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. ఆటలో లేనివాళ్ల పేర్లు బూడిదరంగులో ఉంటాయి, లీడరు పేరు ఇంకా అలాగే ఉంది. ఆ రంగు మాత్రం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.