ఇంటి దగ్గర బాగానే ఉండే జీపు

రెండువేల ఇరవై రెండు, వానాకాలం. ధరూర్ మండలంలో కృష్ణ ఒడ్డు వైపు ఒక ఊరు. ఆ ఊరికీ తారు రోడ్డుకీ మధ్య నల్లరేగడి బాట ఉంది. వాన పడితే ఆ బాటలో ఆటో దిగదు, అంబులెన్సు డ్రైవరు ఫోన్లోనే దండం పెడతాడు. ఓట్లు అడగడానికి ఎండాకాలంలో వస్తారు కాబట్టి ఆ బురద సంగతి పెద్దమనుషులెవరికీ తెలియదు.

వానల్లో ఆ బాట దాటేది ఒకటే బండి, తిమ్మప్ప ఇంటి పాత డీజిల్ జీపు. ఫోర్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి. తిమ్మప్ప తల్లి నర్సమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు గద్వాల దవాఖానలో డయాలసిస్ చేయించాలి. ఆ జీపే దారిలో ఆగిపోతోంది.

నేను గద్వాలలో నలభై ఏళ్లు బండ్లు బాగుచేసినవాణ్ణి. బడి మొహం చూడలేదు. స్పేర్ పార్టుల డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ ఇంగ్లిషు నేర్చుకున్నాను. షెడ్డు మూసి ఇంట్లో కూర్చున్నా జనం కూర్చోనివ్వరు. ఆరోజు తిమ్మప్ప గుమ్మంలో నిలబడ్డాడు.

"మేస్త్రీ, జర రావాలె. బండి పరేషాన్ జేస్తుంది."

"షెడ్డు బంద్ జేసిన గదరా. మోకాళ్లు లేస్తలేవు."

"మోకాళ్లతోని బాగుచేస్తవా ఏంది? బైకు ఎన్క కూసో, నేనే తీస్కపోత."

తారు రోడ్డు దాకా బైకు మీద, అక్కణ్ణించి బురదలో నా చెయ్యి పట్టుకుని నడిపిస్తూ సంగతంతా చెప్పాడు. ముగ్గురు మెకానిక్కులు చూశారట. ఒకడు ఫిల్టరు మార్చాడు. ఇంకొకడు ఫీడ్ పంపు మార్చాడు. ట్యాంకులోని డీజిల్‌ను ఇంజన్ వైపు గుంజే చిన్న పంపు అది. మూడోవాడు ఇంజనే దించాలన్నాడు.

"వాళ్లు జూస్తుంటే మంచిగనే ఉరుకుతది మేస్త్రీ. బాట పట్టినంక సచ్చిపోతది."

నాకు ఒళ్లు మండింది. కొత్త సామాను బిగించడమే రిపేరు అనుకునే కాలం ఇది. రోగమేమిటో తెలియకముందే మందు మార్చేస్తారు.

వాళ్ల వాకిట్లో జీపు స్టార్ట్ చేసి చాలాసేపు నడిపించాను. పొగ బాగుంది, మోత బాగుంది. పైపులో ఎక్కడో గాలి చొరబడి డీజిల్‌కు అడ్డుపడుతోందనుకున్నాను. దాన్ని ఎయిర్ లాక్ అంటాం. బోల్టు వదులుచేసి, గాలి పోయి వట్టి డీజిల్ వచ్చేదాకా పంపు కొట్టాను. పైపు జాయింట్లన్నీ బిగించాను. "ఇగ ఆగదు" అని చెప్పి, జొన్నరొట్టె తిని అక్కడే పడుకున్నాను.

పొద్దున నర్సమ్మను వెనక సీట్లో బొంత మీద కూర్చోబెట్టి బయల్దేరాం. ఆమె కాళ్లు వాచి ఉన్నాయి, మాట మాటకూ ఆయాసం. ముందటి వంతు తప్పిపోయింది, ఇది కూడా తప్పితే ఒంట్లో నీరు ఊపిరితిత్తులకు ఎక్కుతుందని డాక్టరు చెప్పి పంపాడట.

బురద మధ్యలో జీపు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఇప్పుడేమంటవ్ మేస్త్రీ? నువ్ గూడ ఇంజన్ దించాలంటవా?" అన్నాడు తిమ్మప్ప. దిగి, డీజిల్ ఉందో లేదోనని అలవాటు కొద్దీ ట్యాంకు మూత తీసి చూశాడు. నిండుగానే ఉంది. నేను మళ్లీ పంపు కొట్టాను. స్టార్ట్ అయింది. కొంత దూరం పోయి మళ్లీ ఆగింది.

బానెట్ ఎత్తి తల లోపల పెట్టాను. ఏం చూడాలో నాకే తోచలేదు. వెనక నుంచి నర్సమ్మ పిలిచింది.

"తమ్మీ, నువ్ ముందల జూస్తున్నవ్. అది ఎన్క బుస్సుమంటుంది."

"ఏందక్కా బుస్సుమనేది?"

"గా మూత. మావోడు తీసినప్పుడల్ల పాము లెక్క బుస్సుమంటది. దమ్మొచ్చినప్పుడు నేను గుంజుకుంటనే, గట్ల."

నా చెవులు ఇంజన్ల మధ్యే మొద్దుబారాయి. తిమ్మప్ప అప్పటికే మూత మీద చెయ్యి వేశాడు. "ఆగు, తియ్యకు" అని అరిచి, నేనే మెల్లగా తిప్పాను. గాలి లోపలికి దూసుకుపోవడం నా అరచేతికి తెలిసింది.

మూతను వెలుతురుకు పట్టి చూశాను. పైనంతా ఎర్రటి పెచ్చు, గోరుతో గీకితే రాలేంత మందంగా ఉంది. బీచుపల్లి ఆంజనేయుడి సింధూరం, నూనెలో కలిపి పెట్టింది.

డీజిల్ తగ్గినకొద్దీ ఆ చోటికి గాలి రావాలి. అందుకే మూతకు సూది మొనంత రంధ్రం ఉంటుంది, దాన్ని వెంట్ అంటారు. అది మూసుకుంటే ట్యాంకులో గాలి కరువై పంపు ఎంత గుంజినా డీజిల్ రాదు. వాకిట్లో ఊరికే నడిచే ఇంజన్ తాగేది తక్కువ, అందుకే అక్కడ ఆగదు. ఆగినచోటల్లా మూత తీస్తాం, గాలి చేరుతుంది, బండి కదులుతుంది. చూడబోయిన ప్రతివాడూ చేజేతులా రోగాన్ని దాచిపెట్టాడు. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

"అవ్వా! మూతకు బొట్టు ఎవరు పెట్టమన్నరే నిన్ను?" తిమ్మప్ప గొంతు లేచింది.

"బండికి నోరు అదే గదరా. తినే తావుల పెట్టిన, శనివారం శనివారం. అది ఆగినకొద్దీ ఇంగింత పెట్టిన."

ఆమే గాజుకున్న పిన్నీసు తీసి నా చేతిలో పెట్టింది. డీజిల్‌తో తుడిచి, రంధ్రం పొడిచాను. గద్వాల దాకా జీపు మళ్లీ ఆగలేదు. మా వంతు దాటిపోయింది గానీ, సాయంత్రం దాకా కూర్చుంటే చివర్లో ఒక బెడ్డు దొరికింది.

లోపలికి తీసుకెళ్లేముందు ఆమె నన్ను అడిగింది: "నేనే ఆపుకున్ననా తమ్మీ, నా బండిని?"

ఆమె బొంత మడిచి నా చంకన పెట్టుకున్నాను. నా కోపం ఆమె మీద కాదు. ఆ బాట సరిగా ఉంటే ఆమె దేవుణ్ణి డీజిల్ మూత దాకా తెచ్చుకునే అవసరమే రాదు. ఇప్పటికీ ఆ బాట అలాగే ఉంది.

ఆ తరువాత ఏ బండి చూసినా ముందు బానెట్ ఎత్తను. ఇంట్లో దాన్ని ఇంకెవరు ముట్టుకుంటారు, ఏం చేస్తారు అని అడుగుతాను. ఆగిన చోటికి ఆ బండిలోనే పోతాను, దేన్నీ కదపకముందు అందులో కూర్చున్నవాళ్ల మాట వింటాను. ఇది ముసలితనంలో నేర్చుకున్నాను.

పత్తి ఏరే రోజుల్లో అటు పోతే నర్సమ్మ అరుగు మీద ఉంది, ఇంకా చిక్కిపోయింది. జీపు మూతకు దారంతో ఒక పిన్నీసు వేలాడుతోంది. బొట్టు మానలేదు. రంధ్రం చుట్టూ గుండ్రంగా పెట్టింది, నడుమ నల్లటి చుక్క తేటగా కనిపిస్తోంది.

"ఊపిరాడుతుందా జూడు తమ్మీ" అంది.

"ఆడుతుందక్కా. నీకెట్లుంది?"

"దానికాడితే నాకాడినట్లే" అని, మూత వైపు చూస్తూ కూర్చుంది.